గుత్తికోట క్రింది సమాధి, పంటివైద్యుని నీటిసీసా

గుత్తి దుర్గము క్రింద దొరల శ్మశానవాటిక యొకటి కలదు. 1827వ సంవత్సరము జూలై నెలలో చెన్నపట్టణము గవర్నరు సర్ తామస్ మన్రోను తొలుత నక్కడనే పూడ్చిరి. నైజాము 1800లో కుంపిణీకి వదలుకొన్న దత్తమండలములకు ఆయన ప్రధాన కలెక్టరు. 1807 వరకు ఈ సీమలో తిరిగి రైతుల కష్టసుఖముల నెరిగినవాడు. స్వదేశమునకు మరలుటకు ముందు ఈ జిల్లాల నొక్కసారి చూచి పోవలెనని బయలుదేరెను. దారిలో పరివారమున గత్తర పొడసూపినది. జూలై 6వ తేదీని పత్తికొండ మకాములో ఉదయమున ఆయనకు వ్యాధి సోకెను. రాత్రికే ప్రాణము పోయెను. శవమును గుత్తికి తెచ్చిరి. 1831లో అస్థికలను చెన్నపట్టణపు కోటలోని సెయింటు మేరీ దేవాలయమునకు తరలించిరి.

రాజ్యమేలు గవర్నరునకు వైద్యసహాయము కొదువగునా? కాని ఆ వ్యాధి యేల వచ్చునో ఎరిగిన వైద్యుడు ఆనాడు లోకమున లేడు. గాలి చెడుటయే కారణమని పెద్దలు చెప్పుచుండిరి. కలరా నీటివెంట వచ్చునని లండనులో జాన్ స్నో 1854లో వీథి పంపును చూపి వాదించెను. 1884లో కలకత్తాలో రాబర్టు కాక్ ఒక చెఱువు నీటియందే ఆ క్రిమిని కనుగొనెను. ఇంతలో పత్తికొండలో ప్రభుత్వమువారు మన్రో స్మారకముగా నొక తోపు వేయించి, బావి త్రవ్వించిరి! కఱవుసీమలో అంతకన్న పుణ్యకార్య మేమున్నది? అయినను గత్తరచే గతించినవానికి బావి స్మారకమగుట తలచినపుడు మనసు కలుక్కుమనును.

ఇది పాతకథ యని శ్రోతలు తలంపవచ్చును. 2023లో తమిళనాడునందు తిరుపత్తూరు జిల్లా వాణియంబాడిలో ఒక పంటివైద్యశాలకు పోయినవారిలో పదిమందికి మెదడు వ్యాధి సోకగా, ఎనమండుగురు మరణించిరి. వేలూరు వైద్యకళాశాలవారును ఇతర పరిశోధకులును దానిని విచారించి 2025లో ప్రకటించిరి. మన్నునందును నీటియందును బ్రదుకు మెలియాయిడోసిస్ క్రిమి దీనికి మూలము. రంగూనులో విట్మోర్, కృష్ణస్వామి అను వైద్యులు 1912లోనే వర్ణించిన క్రిమి యిది. నోరు కడుగు సెలైను సీసా మూతను, చిగురును ఎముకనుండి విడదీయు పనిముట్టుతో తెఱచిరట. మఱల వదులుగా మూసి, మిగిలిన నీటిని తరువాతివారికి వాడిరట. కోసిన చిగురునకు ఆ నీరు తగిలిన చాలును.

పంటిని తొలుచు యంత్రమునకు నీరు తెచ్చు సన్నని గొట్టములలోను ఇట్టి చిక్కే కలదు. రాత్రి కదలక నిలిచిన నీటిలో క్రిములు గోడలకు పాచివలె పట్టుకొనును. ఉదయమున మొదటి రోగి నోటిలోనికే అవి పోవును. కావున గొట్టములను కొంతసేపు నీరు పాఱించి కడుగవలెను. పనిముట్లను ఆవిరి పేటికలో పెట్టవలెను. ఆ పేటికను ఫ్రెంచివాడగు చాంబర్లాండు 1879లోనే నిర్మించెను.

మన సీమవారికి ఇందు మిక్కిలి కష్టమైనది వేఱొకటి యున్నది. నీటిచుక్కను పాఱబోయుట పాపమని పుట్టినది మొదలు విన్నవారము. కడవ యడుగున మిగిలినది మొక్కకు పోయుదుము. ఆ యలవాటే ఈ పల్లెలను కఱవులు దాటించినది. పంటివైద్యుని బల్లమీది సీసాకు మాత్రము ఆ న్యాయము చెల్లదు. ఒక రోగికి తెఱచినది సగము మిగిలినను పాఱబోయవలసినదే. పల్లు పెఱికించుకొన పోవువారు, సీసాను తమ యెదుట తెఱువుమని వైద్యుని మర్యాదగా అడుగవచ్చును.