మారిషస్ తెలుగు పల్లెలు

మారిషస్ తెలుగు పల్లెలు అనే మాట, భారతదేశానికి నైరుతి దిశలో సుమారు 4,000 కిలోమీటర్ల దూరాన, హిందూ మహాసముద్రంలో అగ్నిపర్వతాల లావా గడ్డకట్టి ఏర్పడిన మారిషస్ ద్వీపంలో, పందొమ్మిదో శతాబ్దాన ఆంధ్ర తీరం నుంచి ఒప్పందం మీద వెళ్లిన కూలీలూ వారి సంతతివారూ చెరకు తోటల నడుమ ఏర్పరచుకున్న నివాసాలను సూచిస్తుంది. ఇవి అచ్చంగా తెలుగువారే ఉండే ఊళ్లు కావు. భోజ్‌పురీ, తమిళ, మరాఠీ కుటుంబాలతోనూ, ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి బానిసలుగా తెచ్చినవారి వారసులైన క్రియోల్ ప్రజలతోనూ కలిసి, తెలుగువారు తమ దేవుళ్లను, పండుగలను నిలుపుకొన్న ఊళ్లను మాత్రమే ఇక్కడ ఆ పేరుతో పిలవడం జరుగుతున్నది.

ద్వీపం వైశాల్యం సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు. సముద్రగర్భంలో మొదలైన అగ్నిపర్వతం నీటిమట్టానికి పైకి వచ్చి దాదాపు 80 లక్షల సంవత్సరాలైందని భూగర్భ శాస్త్రజ్ఞుల అంచనా. విస్ఫోటనాలు ఆగి వేల ఏళ్లు గడిచాయి. క్యూర్‌పీప్ పట్టణంలో 'త్రూ ఓ సెర్ఫ్' అనే అగ్నిపర్వత బిలం ఇప్పుడు అడవి కప్పిన పెద్ద గుంటగా మిగిలింది. ఈ ద్వీపానికి జన్మనిచ్చింది 'రియూనియన్ హాట్‌స్పాట్', అంటే పైనున్న భూఫలకం కదులుతున్నా తాను దాదాపు ఒకే చోట నిలిచి, లోతు నుంచి కరిగిన శిలను పైకి పంపే కేంద్రం. భారత భూఫలకం దాని మీదుగా సాగిన కాలంలో, సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట, దక్కన్ లావా పొరలు పరుచుకున్నాయి. సికింద్రాబాదు చుట్టూ కనిపించే గుండ్రని బండలు అంతకంటే ఎంతో పురాతనమైన, దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటువి కాగా, పడమరగా వికారాబాదు వైపు వెళ్తే ఆ లావా నేల మొదలవుతుంది. అదే లావాకు చెందిన ఒక పాయ తూర్పున గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరం, పంగిడి ప్రాంతాల్లో నల్లరాతి పొరలుగా నేటికీ ఉన్నది. గోదావరి సీమ నుంచి ఓడెక్కిన కూలీ ఆ ద్వీపంలో పగలగొట్టిన నల్లరాయి, అతడు విడిచి వెళ్లిన గడ్డ మీది రాతికి తోబుట్టువు అన్నమాట.

ఆంధ్ర తీర ప్రజలు ఓడెక్కడానికి కారణాలు బలమైనవి. గుంటూరు సీమను 1832–33లో, నందన నామ సంవత్సరంలో, 'డొక్కల కరువు' ఊడ్చిపెట్టింది. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి రేవును 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరొకసారి తుపాను ఉప్పెనలు ధ్వంసం చేశాయి. అదే దశకంలో, 1810 నుంచి బ్రిటిష్ వారి అధీనంలో ఉన్న మారిషస్‌లో 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దు కావడంతో, చెరకు తోటల యజమానులు కొత్త కూలీల కోసం భారతదేశం వైపు చూశారు. ఫ్రెంచివారు అంతకుముందే, 1828 నుంచే, యానాం నుంచి తెలుగు కూలీలను పక్కనున్న రియూనియన్ ద్వీపానికి తరలించడం ఆరంభించారు. మారిషస్‌కు ఒప్పంద కూలీలతో వచ్చిన తొలి ఓడగా చరిత్రకారులు లెక్కించే 'అట్లాస్' 1834 నవంబరు 2న 36 మందితో కలకత్తా నుంచి చేరింది. తరవాత మద్రాసు రాజధానిలోని రేవుల నుంచి కూడా కూలీలు వెళ్లారు. 1910 నాటికి భారతదేశం నుంచి వెళ్లినవారు దాదాపు 4,50,000 మంది, అందులో తెలుగువారు ఒక చిన్న భాగం. వీరు ప్రధానంగా గోదావరి, విశాఖపట్నం, గంజాం సీమలవారు. పోర్ట్ లూయిస్ రేవులో వారు దిగిన మెట్లున్న కూలీల డిపో 1849లో కట్టినది. నేడు 'ఆప్రవాసీ ఘాట్' పేరుతో 2006 నుంచి ప్రపంచ వారసత్వ స్థలంగా ఉన్నది.

డిపో నుంచి కూలీలను తోటలకు పంచేవారు. తోటలో వారి నివాసాన్ని 'క్యాంపు' అనేవారు. గడ్డితో, చెరకు ఆకుతో కప్పిన పాకలు వరసలుగా ఉండేవి, వాటికి సమీపంలో నల్లరాతితో కట్టిన చక్కెర మిల్లు, దాని పొగగొట్టం నిలిచేవి. సాధారణ కూలీకి నెలకు 5 రూపాయల జీతం, బియ్యం పప్పులతో కూడిన బత్తెం ఒప్పందంలో ఉండగా, ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసే 'రెండింతల కోత' అనే నియమం ఆ జీతాన్ని కూడా మింగేది. పనిలో మొదటి శత్రువు చెరకు కాదు, రాయి. లావా నేల నిండా పరచుకొని ఉన్న బసాల్టు బండలను చేతులతో, గడ్డపారలతో పెకలించి, సాళ్ల మధ్య పొడవాటి కట్టలుగా, చేను మధ్యలో గుట్టలుగా పేర్చితేగాని చెరకు ముచ్చె నాటడానికి చోటు దొరికేది కాదు. ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో యంత్రాలు వచ్చేవరకూ ఈ పని మనుషులదే. ద్వీపానికి వెళ్లే యాత్రికులు చెరకు చేల నడుమ చూసి ఆశ్చర్యపోయే ఆ నల్లరాతి గుట్టలు ఏ రాజూ కట్టించినవి కావు. వాటి మీద ఏ శాసనమూ లేదు. అయినా అవి ఆ కూలీల చేతిపనికి మిగిలిన అతి పెద్ద ఆనవాళ్లనడం అతిశయోక్తి కాదు.

ఒప్పందం ముగిసినవారిని 'పాత వలసదారులు' అనేవారు. 1867 నాటి చట్టం వారిని ఫొటో అంటించిన పాసు లేనిదే కదలరాదని కట్టడి చేసింది. ఈ దుస్థితిని ఎత్తిచూపుతూ, కూలీల పక్షాన నిలిచిన అడాల్ఫ్ ద ప్లెవిట్స్ 1871లో వేలమంది సంతకాలతో అర్జీ సమర్పించగా, మరుసటి ఏడు రాయల్ కమిషన్ విచారణకు వచ్చింది. అయితే క్యాంపు పల్లెగా మారడానికి కమిషన్ కంటే మార్కెట్టే ఎక్కువ కారణమనిపిస్తుంది. చక్కెర ధర పడిపోయి అప్పుల్లో కూరుకున్న యజమానులు 1880 ప్రాంతాల నుంచి తోటల అంచుల్లోని రాతినేలలను చిన్న ముక్కలుగా విక్రయించారు. 'మోర్‌సెల్‌మాఁ' అని ఫ్రెంచిలో పిలిచే ఈ విభజనలో, పైసా పైసా కూడబెట్టిన కూలీలు భూమి కొని క్యాంపు విడిచి ఇళ్లు కట్టుకున్నారు. తుపాను సీమ నుంచి వచ్చినవారికి తుపాను ఇక్కడా తప్పలేదు. 1892 ఏప్రిల్ నాటి తుపానులో ఒక్క రోజులో వెయ్యి మందికి పైగా మరణించారు. 1960 ఫిబ్రవరిలో వచ్చిన 'కారల్' తుపాను పాకలను కూల్చివేసిన తరవాతనే పల్లెల్లో కాంక్రీటు ఇళ్లు విస్తరించాయి.

ఈ పల్లెల ఆచారాలు అక్కడివారి పుట్టిల్లును చెప్పకనే చెబుతాయి. రామభజన, శనివారపు గోవింద వ్రతం, అమ్మోరు పండుగ ఆంధ్రదేశమంతటా ఉన్నవే. కాని సింహాద్రి అప్పన్న పూజ మాత్రం వారిలో పలువురు విశాఖపట్నం పరిసరాల నుంచి బయలుదేరారని స్పష్టంగా చూపుతుంది. ఉగాది మారిషస్‌లో ప్రభుత్వ సెలవు దినం.

భాష విషయం వేరు. పొలంలో, వీధిలో భోజ్‌పురీ, ఆపైన క్రియోల్ వాడుకభాషలు కావడంతో తెలుగు మెల్లగా ఇంటి నుంచి గుడికి, బడికి తరలింది. 1940ల్లో ఏర్పడిన మారిషస్ ఆంధ్ర మహాసభ తరగతులు నడపడం, ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు ఐచ్ఛికాంశంగా చేరడం, మోకాలోని మహాత్మా గాంధీ సంస్థ ఉన్నత స్థాయిలో దాన్ని బోధించడం వల్ల లిపి, సాహిత్యం నిలిచాయి. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990 డిసెంబరులో జరిగినవి ఇక్కడే.

ఇంటిపేర్ల సంగతి మరింత చిత్రమైనది. డిపోలో గుమాస్తాలు కూలీ పేరును, తండ్రి పేరును తమకు వినిపించినట్టు ఫ్రెంచి, ఇంగ్లీషు అక్షరక్రమంలో నమోదు చేయగా, అప్పయ్య, రామయ్య వంటి ఒక మనిషి పేరే తరవాతి తరాలకు ఇంటిపేరుగా స్థిరపడి అసలు ఇంటిపేరు మరుగైంది. ఆ వలస రిజిస్టర్లు, పాసుల ఫొటోలతో సహా, మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి; వాటిలో కూలీ పేరు పక్కన జిల్లా, ఊరు కూడా గుమాస్తా చెవికి అందినట్టే రాసి ఉన్నాయి. వాటిని సరిగా చదవగలిగినవారు గోదావరి, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల పల్లెల పేర్లు తెలిసిన తెలుగువారే; ఆ పని చేపట్టవలసినదీ వారే.