మొదటి యాట - వాకిటి జనసమ్మర్దము



నేడు నేను ముచ్చటింపదలచినది చలనచిత్రముల కథ గాదు. చిత్రము తెఱపై బడుటకు ముందు సినిమాశాల వాకిట జరుగు కథ. పెద్ద చిత్రము వచ్చుచున్నదన్న మన పల్లెల పడుచువాండ్రు పట్టణమునకు బోయి, చలి యనక యెండ యనక టిక్కెట్ల గది కడ పడిగాపులు పడుదురు. ఇది నేటికాలపు వెఱ్ఱి యని మనము విసుగుకొనుట కలదు. కాని దీని చరిత్రము తొంబదియేండ్లకు మించినది.

మన పూర్వులకు వినోదములకు కొఱత లేదు. తోలుబొమ్మలాటకును, వీథిభాగవతమునకును ఊరి నడిమి బయలే రంగస్థలము. అచ్చట తలుపు లేదు, టిక్కెట్టు లేదు, ఆసనముల లెక్క లేదు. ముందు వచ్చినవాడు చాప పఱచుకొని ముందు గూర్చుండును. వెనుక వచ్చినవాడు వెనుక నిలుచును. జనము హెచ్చినకొలది వలయము పెద్దదగును. సినిమాశాల వచ్చిన పిదప ఈ స్థితి మాఱినది. నాలుగు గోడలు, ఒక వాకిలి, లెక్కపెట్టిన కుర్చీలు, గడియారము చూపు వేళ - ఇవి యన్నియు గలియగనే, కొందఱు లోపలికి బోవుటయు, కొందఱు బయట మిగులుటయు తప్పనిసరి యైనది.

1931వ సంవత్సరము మార్చి 14వ తేదీన బొంబాయి నగరమున మెజెస్టిక్ సినిమాశాలయందు ‘ఆలం ఆరా’ యను హిందూస్థానీ చిత్రము ప్రదర్శింపబడెను. మన దేశమున మాటలాడిన మొదటి కథాచిత్ర మదియే. అర్దేషిర్ ఇరానీగారు దానిని నిర్మించిరి. వారి చిత్రశాల చేరువనే రైలుమార్గ ముండుటచే, బండ్ల చప్పుడు సద్దుమణగిన రాత్రివేళలందే చిత్రమును తీయవలసివచ్చెను. ఏలూరు సమీపమున సోమవరప్పాడులో జన్మించిన మన ఎల్.వి. ప్రసాదుగా రందొక చిన్నవేషము ధరించిరి.

బొమ్మ మాటలాడునను వార్త విని జనము విరివిగా మూగిరి. వరుసలో నిలుచు నాచారము ఆనాటి ప్రేక్షకులకు దెలియదనియు, టిక్కెట్ల గదిపై జనము దండయాత్రవలె వచ్చిపడిన దనియు ఇరానీగారే పిమ్మట జ్ఞప్తికి దెచ్చుకొనిరి. పోలీసులను బిలువవలసివచ్చెను. నాలుగణాల టిక్కెట్టు చాటుబేరమున నాలుగైదు రూపాయలు పలికెను. అనగా పదునాఱు మొదలు ఇరువది రెట్లు. మఱుసటియేడు, 1932లో, ఇరానీగారి సంస్థయే హెచ్.ఎం. రెడ్డిగారి దర్శకత్వమున ‘భక్త ప్రహ్లాద’ను దీసి తెలుగువారికిని మాటలాడు చిత్రమును జూపెను.

వరుసను ఇంగ్లీషువారు ‘క్యూ’ అందురు. ఆ మాటకు ఫ్రెంచిభాషలో తోక యని యర్థము. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1943లో, నగరములందు ధాన్యమునకు రేషను ఏర్పడినప్పుడు జనము దుకాణముల ముందు బారులు దీరి నిలిచిరి. సినిమాశాలలవారును టిక్కెట్ల కిటికీ ముందు ఒక్కొక్కరే పట్టు సన్నని కటకటాల దారులు కట్టించిరి.

తెలుగున మొదటి పూర్తి రంగులచిత్రమైన ‘లవకుశ’ 1963 మార్చి 29వ తేదీన వెలువడెను. సి. పుల్లయ్యగా రారంభింపగా, వారి కుమారులు సి.ఎస్. రావుగారు దానిని ముగించిరి. పల్లెలనుండి జనము ఎడ్లబండ్లు గట్టుకొని, పిల్లాపాపలతో, అన్నపుమూటలతో పట్టణములకు దరలిరి. మీలో కొందఱు పసితనమున ఆ బండ్లలో గూర్చుండినవారే కావచ్చును. ఆ చిత్రము పెక్కుచోట్ల నూఱుదినములకు మించి యాడెను. కనుక నేడు చోటు దొఱకకున్న ఱెండవయాటకో మఱునాటికో చూడవచ్చునను ధీమా జనమున కుండెను.

నేడట్లు గాదు. పెద్ద చిత్రము ఒక్క దినముననే దేశదేశములందు వెలువడును. పెట్టుబడి మొదటివారముననే రావలెనని నిర్మాతలకు తొందర. అందఱికంటె ముందు చూచితి ననిపించుకొనవలెనని అభిమానులకు తొందర. పూర్వము నాటకములవారు ఒక సత్కార్యమునకో, ఒక నటుని సహాయమునకో వేయు ప్రదర్శనమునకు ‘బెనిఫిట్ షో’ యని పేరు. ఆ పేరిప్పుడు హెచ్చుధరకు వేయు ముందస్తు ఆటకు నిలిచినది.

2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి హైదరాబాదు సంధ్యా సినిమాశాలలో ‘పుష్ప 2’ చిత్రమునకు అట్టి యాట జరిగెను. ప్రభుత్వానుమతితో టిక్కెట్టుపై 800 రూపాయలు అదనముగా గైకొనిరి. కథానాయకు డచ్చటికి వచ్చినపుడు జనము త్రోపులాడగా, బిడ్డలతో చిత్రము చూడవచ్చిన ఒక యిల్లాలు నలిగి ప్రాణములు విడిచెను. ఆమె కుమారుడు తీవ్రముగా గాయపడెను. నేర మెవ్వరిదో నిర్ణయించుట న్యాయస్థానముల పని. దానిని నేను తడవను. ఒక్క మాట మాత్రము చెప్పెదను. టిక్కెట్టు గొన్నవారికి లోపల కుర్చీకి అంకె కలదు. కథానాయకుని జూచుటకు అంకెయు లేదు, వంతును లేదు. వంతు లేనిచోట బలమే వంతగును.

ఇది సినిమాల పాపమని త్రోసిపుచ్చుటకు వీలులేదు. మఱుసటి మాసముననే, 2025 జనవరి 8వ తేదీన, తిరుపతిలో వైకుంఠద్వారదర్శనపు టోకెన్లకై మూగిన భక్తులలో ఆఱుగురు తొక్కిసలాటలో మరణించిరి. భక్తియైనను అభిమానమైనను, ఇఱుకు వాకిట జనదేహమునకు బరువొక్కటే.

పెక్కేండ్లు బడిపంతులుగా నుండి నేనెఱిగినది కలదు. పిల్లవాడు వరుస దప్పుట తఱచుగా దుడుకుతనమువలన గాదు. నిలిచియున్నచో తనవంతు రాదను భయమువలన. ఆ భయము దీర్చిన వరుస దానంతట నిలుచును. కావున వాకిలి గలవారి ధర్మము, చోటెంతయో వంతెప్పుడో ముందుగా జెప్పి, చెప్పినమాట దప్పకుండుట. వాకిట నిలుచువారి ధర్మము, ముందున్నవాని వీపును త్రోయకుండుట.

గ్రామపెద్దలైన మీ మాటకు ఇంటింట విలువ కలదు. పిల్లలను చిత్రము చూడవలదని యదలించిన వినరు. మొదటినాటి యాటకు పసివారిని వృద్ధులను కొనిపోవలదని చెప్పుడు. జారిన చెప్పుకై జనములో వంగవలదని చెప్పుడు. నేటి చిత్రము ఱేపును ఆడునని చెప్పుడు. నాడు బొంబాయి జనము అంతగా త్రోపులాడి చూచిన ‘ఆలం ఆరా’ ప్రతి యొక్కటియైనను నేడు దేశమున మిగులలేదు. చిత్రము పోయినను లోకము సాగుచున్నది. సినిమాకు బోయినవాడు ఇల్లు చేరనిచో ఆ యింటికి సాగుబాటు లేదు.