పాటను పట్టు తీగలు

బొగ్గుగనిలో పనిచేయువారికి చెవి కూడ ఒక కన్నే. భూగర్భమున కప్పు క్షేమముగా ఉన్నదో లేదో తెలిసికొనుటకు సర్దారు దానిని కర్రతో తట్టి చూచును. గట్టి రాతిపొర ఖంగుమని పలుకును. పొర విడిపోయిన చోట డొల్లగా మ్రోగును. ఆ రెండు ధ్వనుల భేదమును గుర్తింపలేని చెవి తనకే కాక తోడివారికిని ప్రమాదము. ఇట్లు వినికిడిని నమ్ముకొని బ్రదికిన కుటుంబములు గోదావరిఖని, రామగుండము ప్రాంతమున రెండు మూడు తరములుగా నివసించుచున్నవి. ఆ చెవులు విన్న పాటలలో, ఆ నోళ్లు పాడిన పాటలలో యంత్రమున కెక్కినవి ఎన్ని?

నేడు ఈ ప్రశ్న వేయుటలో అర్థమున్నది. ఏలయన పాటను పట్టు యంత్రము ఇప్పుడు కంపెనీ క్వార్టరులోని చిన్న గదిలో ఇముడుచున్నది. ఒక కంప్యూటరు, పుస్తకమంత ఒక పెట్టె, ఒక మైకు, రెండు వైర్లు: ఇంతే సరంజామా. ఆ పెట్టె పేరు ఆడియో ఇంటర్‌ఫేసు. మన పాటగాండ్రు దానినే సౌండ్ కార్డు అందురు. తెలంగాణమున జానపద గీతములను తామే రికార్డు చేసి యూట్యూబులో విడుదల చేయు యువకులు అనేకులు. అయితే క్రొత్తగా దిగినవాడు ఆ పెట్టె మీది రంధ్రములను చూచి తికమకపడును. ఒకటి మూడు బెజ్జములది, ఒకటి లావుపాటి పిన్నుది, మరియొకటి సన్నపాటి పిన్నుది. ఏది దేనికి? ఆ రంధ్రములలో ప్రతిదానికి ఒక పుట్టిల్లు, ఒక అక్కర కలవు. వాని చరిత్ర తెలిసినచో సగము సందేహములు వానంతట అవే తీరును.

మన దేశమున పాటను పట్టిన తొలి యంత్రమునకు తీగలే లేవు. 1902 నవంబరులో గ్రామఫోను కంపెనీవారి ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి, హోటలు గదిని స్టూడియోగా మార్చి, గౌహర్ జాన్ మొదలగు గాయనుల గానమును మైనము మీద ఎక్కించెను. గాయని ఒక పెద్ద గొట్టములో తల దూర్చినట్లు నిలిచి బిగ్గరగా పాడవలెను. గొట్టము చివరనున్న పలుచని పొర కంపించి, సూదిని కదలించి, మైనమున గీత గీయును. విద్యుత్తుతో పని లేదు. మైకు లేదు గనుక గొంతునకు, వాద్యములకు నడుమ తూకము సరిచూచు ఉపాయమొక్కటే: గట్టిగా మ్రోగువానిని వెనుకకు జరుపుట, సన్ననివానిని ముందుకు తెచ్చుట.

ఈ పాత ఉపాయము నేటికిని చెల్లును. ఒగ్గుకథ చెప్పు బృందమును తలచుకొనుడు. కథకుని గొంతు ఒక వైపు, డోలు ఒక వైపు. ఒక్క మైకు మాత్రమే ఉన్న గదిలో డోలు వాయించువానిని కథకుని ప్రక్కనే నిలిపినచో మల్లన్న కథ పోయి డోలే మిగులును. నాలుగు అడుగులు వెనుకకు, కొంచెము ప్రక్కకు నిలిపినచో రెండును వినవచ్చును. ఏ సాఫ్ట్‌వేరును తరువాత ఈ పని ఇంత చక్కగా చేయజాలదు.

గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చునాటికి సింగరేణి బొగ్గు త్రవ్వకము పండ్రెండేండ్లు దాటినది. భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ 1871లో ఎల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను; 1889లో అక్కడ త్రవ్వకము మొదలయ్యెను. కాని రికార్డుల కంపెనీలు అమ్ముడుపోవు గొంతుల వెంటనే నడచినవి. తెలుగున సంగీత విద్వాంసుల కీర్తనలు, నాటక పద్యములు రికార్డులకెక్కినవి. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యములు గ్రామఫోను మీద ఇంటింట మ్రోగినవి. గని కూలీ పాటకు వెల కట్టు అంగడి ఆనాడు లేదు.

1925లో విద్యుత్ పద్ధతి వచ్చెను. గొట్టము పోయి మైకు వచ్చినది. బిగ్గరగా అరవనక్కరలేని గొంతులకును చోటు దొరకినది. రేడియో స్టూడియోలు ఆ మైకును ఆశ్రయించియే ఎదిగినవి. 1948లో విజయవాడ కేంద్రము ప్రారంభమయ్యెను. నిజాము కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణి హైదరాబాదు కేంద్రముగా మారెను. జర్మనీలో 1935లో ప్రదర్శింపబడిన మాగ్నటోఫోను అను టేపు యంత్రము యుద్ధానంతరము లోకమంతట వ్యాపించి, స్టూడియో పనిని మార్చివేసెను. తప్పు పలికిన మాటను బ్లేడుతో ఏటవాలుగా కోసి, టేపు కొనలను అతికించుట అప్పటి విద్య. నేడు కంప్యూటరు తెర మీద కత్తెర గుర్తును నొక్కి అలను కోయువారు చేయుచున్నది అదే పని. భేదమేమన, బ్లేడుతో కోసిన టేపును మరల పూర్వపు రీతిగా చేయుట కష్టము. తెర మీద ఒక మీట నొక్కిన చాలును. ఈ సౌలభ్యము వలననే పది సార్లు కోసి పాటలోని ఊపిరినే తీసివేయువారును బయలుదేరినారు!

గోదావరిఖని అను పేరే నదిని, గనిని కలిపి పెట్టినది. 1960 ప్రాంతమున అక్కడ గనులు తెరచునాటికి కంపెనీ ప్రభుత్వ యాజమాన్యమునకు వచ్చి పదునైదేండ్లు దాటినది. చుట్టుప్రక్కల పల్లెల నుండి, దూరపు జిల్లాల నుండి, ఉత్తర దేశము నుండియు పనివారు వచ్చి చేరిరి. ప్రతివారును తమ ఊరి పాటను వెంట తెచ్చుకొనిరి. బతుకమ్మ పాట, ఒగ్గుకథ, భజన కీర్తన, నాటు పాట ఒకే వాడలో కలిసినవి. హైదరాబాదులోని స్టూడియో రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. షిఫ్టు మానుకొని అంతదూరము పోయి పాడుట ఎందరికి సాధ్యము?

ఆ దూరమును కొంత తగ్గించినది క్యాసెట్టు. ఫిలిప్స్ కంపెనీ దానిని 1963లో లోకమునకు చూపెను. 1980ల నాటికి అది మన పల్లెలకును చేరెను. జానపదులు, కార్మికోద్యమ గాయకులు తమ పాటలను క్యాసెట్టుల మీద పంచుకొనిరి. అయితే క్యాసెట్టు నుండి క్యాసెట్టుకు ఎక్కించిన ప్రతిసారి బుసబుస ధ్వని పెరిగి పాట సన్నగిల్లును. నాలుగవ నకలు నాటికి పాడినవారి గొంతు గుర్తుపట్టుటయే కష్టము. పెట్టెలలో మగ్గుచున్న ఆ క్యాసెట్టుల టేపు నానాటికి పాడగుచున్నది.

ఇక ఆ రంధ్రముల సంగతి. లావుపాటి పిన్ను, అనగా పావు అంగుళము మందము గలది, టెలిఫోను ఎక్స్చేంజిలో పుట్టినది. 1880 ప్రాంతమున ఆపరేటరులు ఒక చందాదారుని తీగను ఇంకొకరి తీగతో కలుపుటకు క్షణక్షణమును దూర్చుచు, లాగుచు ఉండిన పిన్ను అది. నేడు గిటారును, కీబోర్డును పెట్టెకు తగిలించునది అదే. సన్నపాటి పిన్ను దాని తమ్ముడు. ట్రాన్సిస్టరు రేడియోకు చెవిలో పెట్టుకొను ముక్కతో కలసి ఇంటింటికి వచ్చినది. మూడు బెజ్జములది అమెరికాలోని కానన్ కంపెనీ వారిది, పేరు ఎక్స్ఎల్ఆర్. మైకుకు తగిలించవలసినది ఇదియే.

మైకుకు మూడు తీగలేల? ఈ ప్రశ్నకు సమాధానము రామగుండమువారికి అందరికంటె సులభముగా బోధపడవలెను. అక్కడి ఎన్.టి.పి.సి. కేంద్రము 1983 నుండి విద్యుత్తును ఉత్పత్తి చేయుచు, క్రమముగా 2600 మెగావాట్ల స్థాయికి పెరిగినది. మన దేశపు విద్యుత్తు సెకండునకు 50 సార్లు ఊగును. ఇంటి గోడలలోని వైర్లు, ఫ్యాను, కూలరు అన్నియు ఆ ఊపును చుట్టును వెదజల్లుచుండును. మైకు నుండి వచ్చు ధ్వని విద్యుత్తు అత్యల్పము. ప్రక్కనే కరెంటు వైరు పోవుచున్నచో "హమ్మ్" అను రొద అందులో దూరును. పాటకు తంబుర శ్రుతి వలె అది అడుగున నిలిచిపోవును, కాని ఏ రాగమునకును చెందని శ్రుతి!

దీనికి విరుగుడును టెలిఫోను ఇంజనీరులే కనుగొనిరి. ధ్వనిని ఒక తీగలో ఉన్నది ఉన్నట్లును, రెండవ తీగలో తలక్రిందులుగాను పంపుదురు. మూడవది కవచము. దారిలో దూరిన రొద రెండు తీగలలోను ఒకే తీరుగా ఉండును. చేరవలసిన చోట యంత్రము ఒకదాని నుండి మరియొకదానిని తీసివేయును. సమానముగా ఉన్న రొద సున్న అగును; తలక్రిందులైన ధ్వని మాత్రము రెట్టింపై నిలుచును. మైళ్లకొలది తీగల మీద మాటను మోసిన ఉపాయమిది. కనుక పది మీటర్ల మైకు వైరునకు ఈ మూడు తీగల పద్ధతి చాలును. గిటారు వైరునకు ఈ రక్షణ లేదు. దానిని అయిదు మీటర్లు మించనీయక, కరెంటు వైరునకు ఎడముగా పరచుట మేలు.

పెట్టె మీద "48 వోల్టులు" అను మీట ఒకటి ఉండును. కండెన్సరు మైకులకు విద్యుత్తు వేరుగా కావలెను. 1966లో జర్మనీలోని నాయ్‌మన్ కంపెనీ నార్వే రేడియోవారి కొరకు మైకులు చేసినప్పుడు, వారి స్టూడియోలో అత్యవసర దీపముల కొరకు అప్పటికే 48 వోల్టుల ఏర్పాటు ఉండెను. దానినే మైకు తీగల గుండ పంపిరి. ఉత్తర ధ్రువపు చీకటికి భయపడి పెట్టుకొనిన దీపముల వోల్టేజి నేడు మన గదులలోని మైకులను నడుపుచున్నది. అయితే కండెన్సరు మైకు మిక్కిలి సూక్ష్మగ్రాహి. వీధిలోని ఆటో చప్పుడును కూడ ఆదరముతో స్వీకరించును. రోడ్డు ప్రక్క గదిలో మొదటిసారి రికార్డు చేయువారు వేదికల మీద వాడు డైనమిక్ మైకును కొనుటయే మంచిదని మా అభిప్రాయము. దానికి 48 వోల్టులతో పని లేదు.

పెట్టె చేయు ముఖ్యకార్యము ధ్వనిని అంకెలుగా మార్చుట. 1982లో వచ్చిన సీడీ కొరకు నిర్ణయించిన లెక్క సెకండునకు 44,100 నమూనాలు. మన చెవి వినగల అత్యంత తారస్థాయి సుమారు 20,000 కంపనములు. దానికి రెండింతలకు పైగా కొలిచినచో ఏదియు జారిపోదు. ఈ నమూనాలను కంప్యూటరు గుంపులుగా తీసికొనును. గుంపునకు 1024 చొప్పున పెట్టినచో ఒక్క వైపు ప్రయాణమునకే 23 మిల్లీసెకండ్లు పట్టును. గాయకునికి హెడ్‌ఫోనులో తన గొంతు 8 మీటర్ల దూరము నుండి పాడినట్లు వినవచ్చి తాళము తప్పును. పాడునప్పుడు ఆ సంఖ్యను 128కి దించి, మిక్సింగు చేయునప్పుడు మరల పెంచుకొనవలెను.

సాఫ్ట్‌వేరు సంగతి చివరకు చెప్పుటకు కారణమున్నది: క్రొత్తవారు డబ్బును మొదట దాని మీదనే వెచ్చింతురు. అటారి కంప్యూటరుపై క్యూబేస్ 1989లో వచ్చెను. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున మాజోని, డానెన్‌బర్గ్ అనువారు 1999లో ప్రారంభించి 2000లో విడుదల చేసిన ఆడాసిటీ మాత్రము ఉచితము. ఒక గొంతు, ఒక డోలు, ఒక కోరసు రికార్డు చేయుటకు అది చాలును. ధ్వనిస్థాయి ఎర్రగీతకు 12 డెసిబెల్లులు దిగువన ఉండునట్లు చూచుకొనవలెను. టేపు కొంచెము హెచ్చు ధ్వనిని సహించెడిది. అంకెలు సహింపవు, అల శిఖరమును కోసివేయును. గోడలకు బొంతలు వ్రేలాడదీయుడు, ఫ్యాను ఆపుడు. మే నెలలో రామగుండమున ఫ్యాను ఆపుమనుట క్రూరత్వమే గాని, తెల్లవారుజామున రికార్డు చేసికొనినచో కొంత సహ్యము.

1960లలో ఇరువదేండ్ల వయస్సున గనిలో దిగినవారు నేడు ఎనుబదేండ్ల ప్రాంతమున ఉన్నారు. భూగర్భ గనుల స్థానమున ఓపెన్ కాస్టు గనులు పెరిగినవి. సింగరేణి బొగ్గులో అధికభాగము ఇప్పుడు అవియే ఇచ్చుచున్నవి. కప్పును తట్టి విను పని తెలిసినవారు, ఆ పనిని పాటలో చెప్పగలవారు తగ్గిపోవుచున్నారు. వారి పాట రికార్డు చేయుటకు గంటకు సుమారు 320 మెగాబైట్ల చోటు చాలును. దానిని వేవ్ ఫైలుగా రెండు చోట్ల దాచవలెను. వాట్సాపులో ధ్వనిసందేశముగా పంపినచో అది ధ్వనిలో చాలభాగమును పారవేసి మిగిలినదే మోసికొనిపోవును.

ఇంకొక్క సంగతి. గౌహర్ జాన్ పాట ముగియగనే తన పేరును బిగ్గరగా చెప్పెడిది. మైనపు అచ్చు సముద్రము దాటి జర్మనీలోని హానోవరు చేరును. అక్కడ రికార్డులు చేయువారికి ఆ గొంతు ఎవరిదో తెలియుటకు అది తోడ్పడెడిది. తాతగారి పాటను రికార్డు చేయువారు మీట నొక్కిన వెంటనే వారి చేతనే చెప్పింపవలెను: పేరు, పుట్టిన ఊరు, ఏ గనిలో పనిచేసినది, పాట ఎవరి వద్ద నేర్చినది, ఆనాటి తేదీ. ఆ తరువాత పాట.