పెట్టెల్లో వచ్చిన కార్లు, నల్ల తీగ సంగతి

కిట్ కారు అనే మాటకు తెలుగులో సమానమైన మాట నాకు కనబడలేదు. విడిభాగాలను పెట్టెల్లో తెప్పించుకొని, ఇంటి వెనక షెడ్డులో ఎవరికి వారు బిగించుకునే కారు అది. ఇంగ్లండులో దీనికొక సంప్రదాయమే ఉంది. 1957లో లోటస్ సంస్థ 'సెవెన్' అనే చిన్న కారును ఈ పద్ధతిలో అమ్మింది. తయారైన కారు మీద అక్కడ కొనుగోలు పన్ను ఉండేది, విడిభాగాల మూట మీద ఉండేది కాదు. బిగించే విధానం చెప్పే పుస్తకం జతచేస్తే అది కారు కిందికే వస్తుందని, అందుచేత లోటస్ వారు విప్పదీసే విధానాన్ని అచ్చువేసి ఇచ్చారని, కొన్నవాళ్ళు దాన్ని చివరి నుంచి మొదటికి చదువుకున్నారని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజమో కాదో గానీ చెప్పుకోవడానికి బాగుంటుంది. 1973 ఏప్రిల్ 1న విలువ ఆధారిత పన్ను రావడంతో ఆ వెసులుబాటు పోయింది.

దొరల సరదా మనకెందుకు అని అడగవచ్చు. నా ఉద్దేశం వేరు. కిట్ కారు అన్న పేరు మనకు లేదు గానీ, మన దేశపు మోటారు చరిత్ర చాలాభాగం పెట్టెలు విప్పి బిగించిన చరిత్రే.

1928లో జనరల్ మోటార్స్ బొంబాయిలో కార్లు బిగించడం మొదలుపెట్టింది. తరువాత ఫోర్డు వచ్చింది. ఓడల్లో విడిభాగాలు దిగేవి, ఇక్కడి కూలీలు వాటిని కార్లుగా నిలబెట్టేవారు. 1953లో టారిఫ్ కమిషన్, ఇక్కడే తయారుచేసే ప్రణాళిక లేని సంస్థలకు చోటు లేదని తేల్చేసరికి ఆ రెండు సంస్థలూ సర్దుకొని వెళ్ళిపోయాయి. ఉండిపోయినవారు కూడా తొలిరోజుల్లో చేసింది పెట్టెలు విప్పడమే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కలకత్తా పక్కన అంబాసిడర్ అయింది, 2014 దాకా బతికింది. ఫియట్ 1100 బొంబాయిలో ప్రీమియర్ పద్మిని అయింది. స్టాండర్డ్ హెరాల్డ్ మద్రాసులో స్థిరపడింది.

హైదరాబాదు రాజ్యం కథా ఇంచుమించు అదే, కాకపోతే ఇంకాస్త వైభవంగా ఉంటుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం తయారుచేయించిన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌కు చట్రమూ ఇంజనూ ఒకరివి, సింహాసనం లాంటి ఆసనంతో ఉన్న పై కట్టడం వేరొకరిది. ఆ కాలంలో కారు కొనడమంటే చట్రం కొని, దాని మీద ఇల్లు కట్టించుకోవడమన్నమాట! 1911లో ఆయన కన్నుమూశారు, కారు కొడుకు హయాంలో చేరింది. 1932లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు ఆ బస్సులు స్కాట్లండు నుంచి వచ్చిన ఆల్బియన్లు. 1942లో పుట్టిన ఆల్విన్ మెటల్ వర్క్స్‌ను ఇప్పటివాళ్ళు ఫ్రిజ్‌లతోనూ వాచీలతోనూ గుర్తుపెట్టుకున్నారు గానీ, బస్సు చట్రాల మీద పై కట్టడాలు కట్టిన సంస్థ కూడా అదే.

మన ఊళ్ళో ఇంట్లో కారు కట్టినవారి గురించి చెప్పాలంటే కన్యబోయిన సుధాకర్ గారిని వదిలి ముందుకు పోలేం. బడికి వెళ్ళే వయసులోనే పాత సామాను ఏరుకొని బండ్లు చేయడం మొదలుపెట్టిన మనిషి. 2005లో ప్రపంచంలోకెల్లా పెద్ద మూడు చక్రాల సైకిలు చేసి గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు. 2010లో బహదూర్‌పురాలో, జూపార్కుకు దగ్గరలో మ్యూజియం తెరిచారు. క్రికెట్ బ్యాటు, ఎత్తుమడమ చెప్పు, లిప్‌స్టిక్కు ఆకారాల్లో అక్కడున్న కార్లను చూసి పిల్లలు నవ్వుతారు. నేను వెళ్ళినప్పుడు మాత్రం వంగి వాటి కిందనున్న తీగల వంక చూశాను. ఆకారం ఏదైనా, దీపం వెలగాలంటే కరెంటు వెళ్ళడానికి ఒక దారి, తిరిగి రావడానికి ఒక దారి ఉండాలి కదా.

ఈ తిరుగుదారి సంగతి చెప్పాలంటే మా ఇంటి కారు గురించి చెప్పాలి.

1982లో బెంగుళూరు సిపానీ సంస్థ డాల్ఫిన్ అనే రెండు తలుపుల చిన్న కారును విడుదల చేసింది. అది ఇంగ్లండులో రిలయంట్ సంస్థ చేసిన 'కిటెన్'కు దత్తపుత్రిక. 848 సీసీ అల్యూమినియం ఇంజను, ఇనుప చట్రం, దాని మీద ఫైబర్‌గ్లాసు తొడుగు. ఇంగ్లండులో కిట్ కార్లు కట్టుకునేవారికి రిలయంట్ ఇంజను, చట్రం అంటే ఇష్టం. తేలిక, చవక, పై తొడుగు తీసి ఇంకొకటి తగిలించుకోవచ్చు. అంటే డాల్ఫిన్ కిట్ కారుకు పినతల్లి కూతురు వంటిది. తేలిక గనుక ర్యాలీ పందేల్లో పేరు తెచ్చుకుంది. సంసారులు మాత్రం రెండు తలుపులేమిటని, ప్లాస్టిక్ కారేమిటని మొహం చిట్లించారు. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళం చేతులు మారింది. ఆ తరువాత డాల్ఫిన్ నిలదొక్కుకోలేదు. నాలుగు తలుపులతో మోంటానా వచ్చింది గానీ అప్పటికే జనం మారుతి వరుసలో నిలబడి ఉన్నారు.

మా నాన్నగారు మాత్రం 1984 నాటి డాల్ఫిన్‌ను రెండేళ్ళ తరువాత వేరొకరి దగ్గర కొన్నారు. "తుప్పు పట్టదు రా" అనేవారు. ఆ మాట నిజమే, తొడుగు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. తుప్పు పట్టనిదాని లోపల ఏం పాడవుతుందో తరువాత తెలిసింది.

పద్మారావు నగర్ గురించి తెలియనివారికి రెండు ముక్కలు. సికింద్రాబాదులో స్కందగిరి గుడికీ, వాకర్ టౌనుకూ ఆనుకొని ఉండే పాత కాలనీ ఇది. పద్మారావు మొదలియార్ పేరు మీద వెలసింది. కంటోన్మెంటు వెంట వచ్చిన తమిళ కుటుంబాల ఛాయలు ఇక్కడ ఇంకా ఉన్నాయి. ఒకప్పుడు ఇంటి చుట్టూ ఖాళీ జాగా, వెనక షెడ్డు, మామిడి చెట్టు మామూలు. ఇప్పుడు వీధిలో సగం ఇళ్ళు అపార్టుమెంట్లయ్యాయి. మా ఇల్లు బిల్డరుకివ్వకుండా మేమే పడగొట్టి కట్టించుకుంటున్నాము. షెడ్డు వంతు చివర్లో వస్తుంది. అప్పటికి కారు తన చక్రాల మీద తాను కదిలి బయటికి రావాలి, లేదా పాత సామానువాడికి తూకానికి పోవాలి. ఇంట్లో ఆ రెండో అభిప్రాయమే బలంగా ఉంది.

ఇంజను తిరుగుతోంది. తీగలే పోయాయి. ఎలుకలు కొంత కొరికాయి, ఇరవయ్యేళ్ళ ఎండ కొంత పెళుసు చేసింది. మధ్యలో ఎవరెవరో మెకానిక్కులు దొరికిన రంగు తీగతో అతుకులు వేశారు. అంబాసిడర్‌కైతే 'వైరింగ్ కిట్' అని ఒక చుట్ట దుకాణంలో తయారుగా దొరికేది. డాల్ఫిన్‌కు రాణీగంజ్ అంతా తిరిగినా అలాంటిది లేదు. కొత్తగా అల్లుకోవలసిందే.

ఇంటికి తీగలు లాగుతున్న ఎలక్ట్రీషియన్‌ను ఒక ఆదివారం సాయం పట్టమన్నాను. నిపుణుడు, చేయి తిరిగినవాడు. డ్యాష్‌బోర్డు కిందికి దూరి, ఆకుపచ్చ తీగను పట్టుకొని "సార్, గ్రీన్ అంటే ఎర్తింగే గద, దీన్ని బాడీకి కట్టేద్దామా?" అన్నాడు. కట్టి ఉంటే ఫ్యూజు ఎగిరేది.

అతను చెప్పినదాంట్లో తప్పు లేదు. మన ఇళ్ళలో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. ఇది పాత బ్రిటిష్ వాడుక. బ్రిటిష్ కార్లలో లూకాస్ వారి వాడుక వేరు. అక్కడ నలుపే ఎర్తు. గోధుమ రంగు బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటుండే తీగ. తెలుపు తాళం తిప్పితే ప్రాణం వచ్చేది. ఆకుపచ్చ, తాళం తిప్పాక ఫ్యూజు దాటి వచ్చే కరెంటు. ఎరుపు చిన్న దీపాలకు, నీలం పెద్ద దీపాలకు. నీలం మీద తెల్ల చార ఉంటే దూరపు వెలుగు, ఎర్ర చార ఉంటే దించిన వెలుగు. ఆకుపచ్చ మీద ఎర్ర చార ఎడమ సిగ్నలు, తెల్ల చార కుడి సిగ్నలు. ఒకే దేశం నుంచి వచ్చిన రెండు భాషలు. ఒకదానిలో మృత్యువైనది రెండోదానిలో నేల!

ఇందులో ఒక విడ్డూరముంది. ఇంగ్లండువారు 1947లో చదరపు మూడు కాళ్ళ ప్లగ్గుకు మారిపోయారు, మనం వారి పాత గుండ్రటి కాళ్ళ ప్లగ్గునే అట్టేపెట్టుకున్నాం. ఈ శతాబ్దం మొదట్లో వారు ఇళ్ళలో తీగల రంగులనూ మార్చుకున్నారు, మనం పాత రంగులతోనే ఇళ్ళు కట్టుకుంటున్నాం. మా కొత్త గోడల్లోకి వెళుతున్న తీగల రంగులు, పడగొట్టిన పాత ఇంట్లో టేకు చెక్క కేసింగులోంచి బయటపడిన తీగల వ్యాకరణానికి చెందినవే. వలస పాలన గురించి పెద్ద పుస్తకాలు చాలా వచ్చాయి, తీగల రంగుల గురించి ఎవరైనా రాస్తే నేను మొదట కొంటాను.

ఇక ఫైబర్ సంగతి. ఇనుప కారులో దీపానికి ఒక తీగ చాలు, తిరుగుదారి కారు ఒళ్ళే. దీపాన్ని రేకుకు బిగిస్తే పని అయిపోయినట్టే. ఫైబర్‌గ్లాసులో కరెంటు పారదు. కాబట్టి ప్రతి దీపానికీ, హారనుకూ, వైపరుకూ, పెట్రోలు ముల్లుకూ విడిగా ఒక నల్ల తీగ చట్రం దాకా రావాలి. ఫైబర్ కిట్ కార్లు కట్టుకున్నవారందరికీ ఎదురయ్యే మొదటి పాఠమిది. దీపం మసకగా వెలుగుతున్నా, ఎడమ సిగ్నలు వేస్తే వెనక బ్రేకు దీపం మినుకుమన్నా ముందు అనుమానించవలసింది నల్ల తీగనే. తిరుగుదారి తెగిన కరెంటు పక్కింటి దారిన పోతుంది.

దీనికి లెక్క కూడా ఉంది. 60 వాట్ల బల్బు ఇంట్లో 230 వోల్టుల దగ్గర పావు ఆంపియరు పైచిలుకు తీసుకుంటుంది. అదే 60 వాట్లు కారులో 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు. రెండు దీపాలకు 10. దారిలో చిలుము పట్టిన ఒక్క అతుకు ఓములో పదోవంతు అడ్డుపడితే ఒక వోల్టు అక్కడే హరించుకుపోతుంది. ఇంట్లో 230లో ఒకటి పోతే ఎవరికీ తెలియదు, కారులో పన్నెండింటిలో ఒకటి పోతే రాత్రి గుంత కనబడదు. అందుచేత దీపాలకు లావు తీగ వేశాను, మధ్యలో రిలే పెట్టాను. ఇంటి పనికి తెచ్చిన చుట్టల్లోంచి ముక్కలు కోసి ఇస్తానని ఎలక్ట్రీషియన్ ఉదారంగా అన్నాడు గానీ తీసుకోలేదు. అదురును ఓర్చడానికి సన్నని పోగులు ఎక్కువగా ఉన్న తీగ కావాలి.

పని చేసిన తీరు సులువైనదే. పాత తీగల చుట్టను కొరుకుళ్ళతో సహా కదలకుండా బయటికి తీసి, సెంట్రింగుకు తెచ్చిన ప్లైవుడ్ పలక మీద పరిచి, మలుపు మలుపుకూ మేకు కొట్టాను. ప్రతి కొసకూ చీటీ కట్టాను. ఆ మేకుల వెంటే కొత్త తీగలు అల్లాను. చట్రం మీద మూడు చోట్ల రంగు గీకి, ఇత్తడి బోల్టులు పెట్టి నల్ల తీగలన్నిటినీ అక్కడ చేర్చాను. సిమెంటు దుమ్ము పడకుండా కొసలకు ప్లాస్టిక్ సంచులు కట్టడం దీనంతటిలోకీ విసుగు పుట్టించిన పని.

ఇంతా చేసి రోడ్డెక్కించవచ్చునా అంటే, కాగితాల దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. మన చట్టంలో కిట్ కారు అనే వర్గమే లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు చెప్పిన వివరాలను మార్చడానికి ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా గట్టిగా చెప్పింది. తీగలు పాత వరుసలోనే మార్చడం మరమ్మతే గానీ మార్పు కాదు గనుక నాకు ఆ భయం లేదు. వయసుతోనే చిక్కు. 2021 జులైలో వచ్చిన నియమాల ప్రకారం యాభై ఏళ్ళు నిండిన బండికే వింటేజి హోదా దక్కుతుంది. మా డాల్ఫిన్‌కు అది 2034లో. అప్పటిదాకా అది పురాతన వస్తువు కాదు, ఉత్త ముసలి బండి. పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషను పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2025లో 10,000 చేశారు. 1989కి ముందునాటి మూడక్షరాల నంబరు పలకతో, రాష్ట్రం పేరు కూడా మారిపోయిన తరువాత, కార్యాలయంలో ఏ వరుసలో నిలబడాలో ముందు కనుక్కోవాలి.

మొన్న శుక్రవారం సాయంత్రం తాత్కాలిక మీటరు మీద బ్యాటరీని ఛార్జి చేసి స్విచ్చి వేస్తే పెద్ద దీపాలు రెండూ వెలిగాయి. సిగ్నళ్ళు, బ్రేకు దీపాలు సరిగ్గానే ఉన్నాయి. హారను మిగిలింది. లూకాస్ వాడుకలో దానికి ఊదా మీద నల్ల చార తీగ. రాణీగంజ్‌లో ఊదా దొరికింది, చార ఉన్నది దొరకలేదు. పిల్లవాడి స్కెచ్ పెన్నుతో రెండు కొసల్లోనూ గీత గీసి బిగించాను.