పంగిడి నల్లరాయి

గన్నవరము నుండి గోదావరి వైపు రహదారి వెంట సాగువారికి ఏలూరు దాటిన పిమ్మట నేల క్రమముగా మెరకయై, మట్టి ఎరుపెక్కుట కనబడును. దేవరపల్లి దాటగానే గౌరీపట్నము, దుద్దుకూరు, పంగిడి ప్రాంతములలో నల్లరాతి గుట్టలు ఎదురగును. కంకర క్వారీలే కదా యని పలువురు దాటిపోవుదురు. పాఠకులు అచ్చట కొంతసేపు ఆగవలెనని మా కోరిక. ఆ గుట్టలు ఒకప్పుడు ప్రవహించిన నిప్పుటేరులు.

మన సీమలో అగ్నిపర్వతము లేదు గదా, ఈ లావా ఎచ్చటిది? సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట పడమటి దక్కనులో భూమి నెర్రెలువారి, కరగిన రాయి పొరలు పొరలుగా పైకి పొంగినది. పంగిడి రాతిలోని ద్రవ్యముల పాళ్లు మహాబలేశ్వర ప్రాంతపు రాతిపొరలతో సరిపోవుచున్నవని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ లావా నదీలోయల వెంట సుమారు 1,000 కిలోమీటర్లు ప్రవహించి నాటి సముద్రతీరమును చేరినదని వారి నిర్ణయము.

1,300 మీటర్లకు పైబడిన ఎత్తున, లావా పొరలపై నిలిచిన మహాబలేశ్వరమే కృష్ణానదికి పుట్టినిల్లు. కృష్ణ అచ్చటి రాతిని అరగదీసి తెచ్చిన ఒండ్రు మన డెల్టా నల్లమట్టిలో కలిసియున్నది. ఆ కొండల రాయి మనకు రెండు మార్గముల వచ్చినదన్నమాట: తొలుత నిప్పుగా, పిదప నీటివెంట మట్టిగా.

పంగిడి చెంత రెండు లావా పొరల నడుమ సున్నపురాతి పొర కలదు. అందు ఆల్చిప్పలు, నత్తగుల్లలు శిలలై యున్నవి. మొదటి నిప్పుటేరు చల్లారిన పిదప అచ్చట మరల జీవము నెలకొన్నదని, రెండవ ఏరు దానిని కప్పివేసినదని ఈ పొరయే సాక్ష్యము. 1930ల దశకములో ఎస్. ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు గారలు రాజమహేంద్రవర ప్రాంతపు ఈ నడిమి పొరలలోని సూక్ష్మజీవుల శిలాజములను పరిశీలించిరి. డైనోసారులు అంతరించిన కాలమునకు చేరువలోనే క్రింది లావా ప్రవాహము ముగిసినదని 2008లో గెర్టా కెల్లర్ బృందము ప్రకటించినది. ప్రపంచ చరిత్రలోని ఒక గొప్ప సమస్యకు ఆధారము మన బాటప్రక్కనే ఉన్నది.

ఆ ఆధారమే కంకరయై పోవుచున్నది. క్వారీలు మూయుమని మేమనుట లేదు. త్రవ్వకున్న ఆ పొరలు మన కంట పడియుండెడివి కావు. రోడ్లకును ఇండ్లకును రాయి కావలెను. కాని రెండు లావా పొరలును, నడిమి గుల్లల పొరయు స్పష్టముగా కనబడు క్వారీగోడ నొక్కదానినైన తాకక విడిచి, ప్రక్కన తెలుగున నాలుగు మాటలు వ్రాసియుంచిన చాలును. రాయి ఇంకొకచోట దొరకును. ఆ పుట చినిగిన మరల వ్రాయువారు లేరు.