రెండున్నర లక్షల లాప్‌టాప్‌కు ప్రతిపదార్థం

ఖరీదైన లాప్‌టాప్ కొనబోయేవాడి చేతిలో దుకాణంవాళ్లు పెట్టే కాగితం అరపేజీ ఉంటుంది. అందులో క్రియాపదం ఒక్కటీ కనిపించదు. అన్నీ అంకెలు, విశేషణాలే. పద్యాలకు రాసినట్టు దానికీ ఒక వ్యాఖ్య రాస్తే కొనేవాళ్లకు పనికొస్తుంది. 2024 నవంబరు 8న అమ్మకానికి వచ్చిన 16 అంగుళాల మాక్‌బుక్ ప్రోను మూలంగా తీసుకుంటున్నాను. అందులోనూ ఎం4 ప్రో చిప్పుతో వచ్చిన మొదటి మెట్టు మోడల్‌ను. విడుదలనాడు మన దేశంలో దాని ధర రూ. 2,49,900; ఈ మోడళ్లకు కింద చెప్పే ధరలన్నీ ఆనాటివే. పెద్ద తెర, పెద్ద ధర లాప్‌టాప్‌లు వేరే కంపెనీలవీ ఉన్నాయి. అయితే ఇందులో అదే చిప్పుతో చిన్న తెర కూడా దొరుకుతుంది కాబట్టి తూకం వేయడం తేలిక. మూలంలో లేనిది రాయకూడదని మెదక్ దగ్గరి కొల్చారానికి చెందిన కావ్య వ్యాఖ్యాత మల్లినాథ సూరి పెట్టుకున్న నియమాన్ని మాత్రం పాటించలేను. ఈ మూలం చెప్పకుండా వదిలేసిన సంగతులే కొనేవాడికి ఎక్కువ అవసరం.

“మాక్‌బుక్ ప్రో, 16 అంగుళాలు”

17 అంగుళాల మోడల్‌ను 2012లో ఆపేశాక ఏడేళ్లపాటు ఆపిల్‌లో 15 అంగుళాలదే పెద్దది. 16 అంగుళాలది 2019 నవంబరులో వచ్చింది. కీలు ఇరుక్కుపోతున్నాయని తిట్లు తిన్న పల్చటి బటర్‌ఫ్లై కీబోర్డును దాంట్లోనే తీసేశారు. ఇక్కడి ధర రూ. 1,99,900. ఏడు నెలలు తిరిగేసరికి, 2020 జూన్‌లో, ఇంటెల్ చిప్పులు వదిలేసి సొంత చిప్పులకు మారుతున్నామని అదే కంపెనీ ప్రకటించింది. ఆ నవంబరులో రూ. 92,900కి వచ్చిన ఎం1 మాక్‌బుక్ ఎయిర్, లోపల ఫ్యాను కూడా లేకుండానే, చాలా రోజువారీ పనుల్లో ఈ రెండు లక్షల యంత్రాన్ని దాటిపోయింది. 2025లో విడుదలైన మాక్‌ఓఎస్ టాహో ఇంటెల్ యంత్రాలకు ఆఖరి వెర్షన్.

ఎం4 ప్రోకు అలాంటి గండం కనుచూపు మేరలో లేదు. అయినా ‘పదేళ్లు వాడుకుంటాను కదా’ అని ధరను పదితో భాగించే లెక్క మానుకోవాలి. ఐదుతో భాగించండి. ఏడాదికి యాభై వేలు పడుతుంది. ఈ తెర, ఈ వేగం మీకు ఏడాదికి యాభై వేలు తెచ్చిపెడతాయా, లేదా అంత డబ్బు మిగులుస్తాయా అని ప్రశ్నించుకోవాలి. సరదాకే కొంటానంటే అదీ తప్పేం కాదు, కానీ అప్పుడు దాన్ని పెట్టుబడి అని ఇంట్లోవాళ్లను నమ్మించబోకండి.

“16.2 అంగుళాల తెర, 3456 బై 2234”

అసలు తూకమంతా ఈ పంక్తి దగ్గరే ఉంది. 16.2 అన్నది ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలత. పక్కన పెట్టే చిన్నది 14.2 అంగుళాలు, 3024 బై 1964. రెండంగుళాల తేడాయే కదా అనిపిస్తుంది గానీ, చుక్కలు గుణించి చూస్తే పెద్ద తెరలో 30 శాతం ఎక్కువ. అంగుళానికి 254 చుక్కలన్నది రెండింటిలోనూ ఒకటే. అంటే పెద్దదానిలో అక్షరం స్పష్టత పెరగదు, చోటు పెరుగుతుంది.

ఆ చోటు ఖరీదెంత? ఇదే 14 కోర్ల చిప్పు, ఇదే 24 జీబీ మెమరీ, ఒక టీబీ స్టోరేజీ ఉన్న 14 అంగుళాల మోడల్ రూ. 2,39,900. పెద్దదానికి కూడా ఒక టీబీ వేయించుకుంటే రూ. 2,69,900. తేడా ముప్పై వేలు. ముప్పై శాతం ఎక్కువ తెరకు, దాంతోపాటు వచ్చే పెద్ద బ్యాటరీకి మనం ఇచ్చేది ఆ ముప్పై వేలే. మిగతాదంతా చిప్పుకూ మెమరీకీ పోయే డబ్బు. ‘పెద్ద తెర కాబట్టి ఇంత ధర’ అని సేల్స్ కుర్రాడు చెప్పినా నమ్మక్కర్లేదు.

ఇప్పుడు ఇంకో పక్క చూడండి. అదే ముప్పై వేలకు బజార్లో 27 అంగుళాల 4కే మానిటర్ ఒకటి వచ్చేస్తుంది. ఇంట్లోనో ఆఫీసులోనో సొంత బల్ల ఉన్నవాడు 14 అంగుళాలది తీసుకుని, మానిటర్ తగిలించుకుంటే రెండు తెరలవుతాయి, మెడా నిటారుగా ఉంటుంది, బయటికెళ్లేటప్పుడు సంచీ తేలికవుతుంది. కాబట్టి నా మటుకు నాకు, పెద్ద తెర లాప్‌టాప్ బల్ల లేనివాడి వస్తువు. బల్ల ఉన్నవాడికి అది దండగ.

బల్ల లేనివాళ్లెవరంటే, పెళ్లి వీడియోలు తీసేవాళ్లను చూడండి. పొద్దున ముహూర్తం, సాయంత్రం రిసెప్షన్. ఈ మధ్యలో జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు ఎడిట్ చేసి, పాట కలిపి, వేదిక పక్కనున్న ఎల్‌ఈడీ తెర మీద వేసి చూపించాలి. ఎడిటర్ కూర్చునేది ఫంక్షన్ హాల్లో సామాన్లు పడేసిన గదిలో. ఒక ప్లాస్టిక్ కుర్చీ తనకు, ఇంకోటి లాప్‌టాప్‌కు. మానిటర్ పెట్టే చోటు లేదు, ఉన్న ఒక్క ప్లగ్గూ డెకరేషన్ వాళ్లు పట్టేశారు. తెర కింది సగంలో నాలుగు కెమెరాల వరుసలు, పైన బొమ్మ, పక్కన ఆడియో గీతలు. 14 అంగుళాల తెర మీద ఆ వరుసలు దారాల్లా సన్నబడి, ఏ కెమెరాలో వధువు తలెత్తిందో పట్టుకోవడానికి పదిసార్లు పెద్దది చేసి చూసుకోవాలి. ఆ మనిషికి ముప్పై వేలు రెండు పెళ్లిళ్ల సీజన్లలో తిరిగొస్తాయి. షూటింగుల్లో లొకేషన్ దగ్గరే ఫుటేజీ సరిచూసే వాళ్లది, నెలలో సగం రోజులు హోటల్ గదుల్లో పనిచేసే ఆడిటర్లది కూడా ఇదే అవసరం.

“లిక్విడ్ రెటీనా ఎక్స్‌డీఆర్, 1600 నిట్స్ వరకు”

పేరు పక్కనపెడితే, తెర వెనక వేల సంఖ్యలో చిన్న ఎల్‌ఈడీలు ఉంటాయి. అవి గుంపులు గుంపులుగా వెలిగి ఆరుతాయి. 1600 అనేది హెచ్‌డీఆర్ సినిమాలో ఒక మెరుపు, ఒక దీపం లాంటి చిన్న భాగానికి అందే గరిష్ఠం. మామూలు పనికి ఇంట్లో 500 నిట్స్, ఆరుబయట వెలుతురు ఎక్కువైతే 1000 వరకు పెరుగుతుంది. ఎండలో పనిచేసేవాడికి ఈ వెయ్యి ముఖ్యం.

దుకాణంలో ఎలాగూ సముద్రాలు, చిలకల వీడియోలే తిప్పుతుంటారు. అవి వద్దని చెప్పి ఒక తెలుగు పేజీ తెరిపించండి. అక్షరాన్ని బాగా చిన్నది చేసి ‘రాష్ట్రం’ అన్న మాటను చూడండి. ‘ష’ కింద టవత్తు, దాన్ని పట్టుకుని రవత్తు. అంగుళానికి 141 చుక్కలుండే మామూలు 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర మీద ఆ రెండూ కలిసి ఒక మసి ముద్దవుతాయి. ఇక్కడ దేనికది విడిగా నిలబడుతుంది. రోజంతా తెలుగు చదివి దిద్దే ఉద్యోగులకు ఇది కళ్లకు నేరుగా తెలిసే తేడా. అయితే 14 అంగుళాల దానిలోనూ ఇంతే స్పష్టత ఉంటుందని మరిచిపోవద్దు.

లోపాలూ చూడండి. తెర నల్లగా చేసి తెల్ల బాణం గుర్తును కదిపితే దాని చుట్టూ సన్నటి వెలుగు వలయం తిరుగుతుంది. చీకటి గదిలో సినిమా కింద సబ్‌టైటిళ్లకు కూడా అంతే. రాతను వేగంగా పైకి జరిపినప్పుడు అక్షరాలు ఒక్క క్షణం అలుక్కుపోతాయి. కొందరికి ఇవి కనపడవు, కనపడ్డవాళ్లకు ఇక మానవు. ప్రతిబింబాలు పడని నానో టెక్స్చర్ తెర కావాలంటే ఇంకో పదిహేను వేలు. కిటికీకి వీపు పెట్టి కూర్చునే అలవాటుంటే తప్ప అక్కర్లేదు.

“14 కోర్ల సీపీయూ, 20 కోర్ల జీపీయూ”

ఎక్సెల్, ఉత్తరాలు, జూమ్ మీటింగులకు ఇందులో పావు వంతు కూడా వాడరు. ఆ పనులకు మాక్‌బుక్ ఎయిర్ చాలు. అయితే మన పక్క ఇంకో చిక్కుంది. తెలుగు డీటీపీలో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ మేనేజర్‌ల మీద నడిచే ప్రెస్సులు చాలానే ఉన్నాయి. అవి విండోస్ సరుకు. టాలీ కూడా అంతే. ఇందులో విండోస్ నడపాలంటే మధ్యవర్తి సాఫ్ట్‌వేర్ పెట్టాలి, అప్పుడూ పాత ప్రోగ్రాములు మొరాయించవన్న భరోసా లేదు. రెండున్నర లక్షలు పోసి, పుస్తకం కంపోజ్ చేయడానికి మళ్లీ పాత డెస్క్‌టాప్ ముందు కూర్చోవడం ఎవరికి కావాలి? ఆటలకోసం కొనేవాళ్లూ విండోస్ లాప్‌టాప్‌లే చూసుకోవడం మేలు.

“24 జీబీ యూనిఫైడ్ మెమరీ, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ”

సీపీయూ, జీపీయూ రెండూ ఒకే మెమరీని పంచుకుంటాయి. చిప్పుతో కలిపి అతికించేసి ఉంటుంది కాబట్టి తర్వాత పెంచుకునే దారి లేదు. రెట్టింపు, అంటే 48 జీబీ, కావాలంటే కొనేటప్పుడే నలభై వేలు ఎక్కువ ఇవ్వాలి. స్టోరేజీ 512 నుంచి ఒక టీబీకి ఇరవై వేలు. ఇక్కడ చాలామంది తలకిందులుగా ఆలోచిస్తారు. స్టోరేజీ చాలకపోతే కంపెనీ అడిగే దాంట్లో సగం ధరకే బయట ఎస్‌ఎస్‌డీ దొరుకుతుంది, వైరు తగిలించుకుంటే సరి. మెమరీ చాలకపోతే బజార్లో మందు లేదు. చేతిలో అదనంగా డబ్బుంటే మెమరీకి పెట్టండి. అసలు కృత్రిమ మేధ మోడళ్లను తన యంత్రంలోనే నడుపుకునేవాడికి ఈ పంక్తి ఒక్కటే ముఖ్యం.

“24 గంటల వరకు బ్యాటరీ”

‘వరకు’ను గట్టిగా చదవాలి. అది కాంతి తగ్గించి వీడియో చూస్తుంటే వచ్చే లెక్క. వైఫైలో వెబ్ చూస్తే 17 గంటలని అదే కాగితం కింద చిన్నక్షరాల్లో ఉంటుంది. వీడియో ఎడిటింగ్ మొదలుపెడితే అందులో సగమూ అందదు. అయినా ఇది మామూలు సంగతి కాదు. విండోస్‌లో ఇంత బలమున్న గేమింగ్ లాప్‌టాప్‌లు కరెంటు పోగానే ఫ్యాన్లు హోరెత్తించి, గంటా రెండు గంటల్లో చేతులెత్తేస్తాయి, పైగా వేగం కూడా తగ్గిపోతుంది. ఇది ప్లగ్గు తీసినా అదే వేగంతో నడుస్తుంది.

బ్యాటరీ 100 వాట్ అవర్లు. ముందస్తు అనుమతి అడగకుండా విమానంలో వెంట తీసుకెళ్లడానికి పరిమితి కూడా అంతే. ఏ కంపెనీ లాప్‌టాప్ అయినా ఆ గీత దగ్గర ఆగిపోవడానికి కారణం అదే.

“మూడు థండర్‌బోల్ట్ 5, హెచ్‌డీఎంఐ, ఎస్‌డీ కార్డు స్లాటు”

హెచ్‌డీఎంఐ, కార్డు స్లాటులను 2016లో తీసేసి, 2021లో మళ్లీ పెట్టారు. కెమెరా కార్డు నేరుగా దూర్చొచ్చు, ప్రొజెక్టరు తీగ నేరుగా తగిలించొచ్చు. ఇంతకు మించి చెప్పేదేం లేదు.

“2.14 కిలోలు”

14 అంగుళాలది 1.6 కిలోలు. అర కిలో తేడా చేతిలో పట్టుకుంటే తెలియదు, భుజాన వేసుకుని హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో ప్లాట్‌ఫాం వెతుక్కుంటున్నప్పుడు తెలుస్తుంది. 140 వాట్ల చార్జరు బరువు ఈ 2.14లో లేదు. ఎకానమీ క్లాసులో ముందు సీటువాడు వెనక్కి వాలాడంటే మూత పూర్తిగా తెరుచుకోదు. బల్ల లేనివాడి కోసమే అన్న నా మాటకు ఇక్కడే ఒక మినహాయింపు పెట్టాలి. నడుస్తూ, బస్సులు మారుతూ, ప్రయాణంలోనే పనిచేసేవాడికి మళ్లీ చిన్నదే నయం.

మూలంలో లేని మాట ఒకటి ఇక్కడే చెప్పాలి. మూత వేసినప్పుడు తెరకూ కీబోర్డుకూ మధ్య సందు దాదాపు ఉండదు. కెమెరాకు అడ్డంగా ప్లాస్టిక్ మూత అతికించి లాప్‌టాప్ మూస్తే తెర పగలొచ్చని కంపెనీయే హెచ్చరించింది. కీల మీద పడ్డ ఇయర్‌ఫోన్ కూడా అంతే పని చేస్తుంది. పెద్ద తెర మార్పించాలంటే వారంటీ బయట బిల్లు చాలా దూరం పోతుంది.

“ధర రూ. 2,49,900, అన్ని పన్నులతో”

దీన్ని విడదీయాలి. ఇందులో 18 శాతం జీఎస్‌టీ రూ. 38,120. అసలు ధర రూ. 2,11,780. జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉండి, వ్యాపారం పేరున బిల్లు తీసుకునేవాడు ఆ 38 వేలను ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకోవచ్చు. ఆదాయపు పన్నులో కంప్యూటర్లకు ఏడాదికి 40 శాతం తరుగుదల చూపుకోవచ్చు. అయితే అంచనా పన్ను పద్ధతిలో రాబడిలో సగం లాభమని రాసి పన్ను కట్టే ఫ్రీలాన్సర్లకు ఈ తరుగుదల విడిగా రాదు. ‘కొంటే పన్ను మిగులుతుంది’ అని వాళ్లకు సలహా ఇచ్చేవాళ్లు ఈ సంగతి చూసుకోరు.

‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నది ధర పక్కనే పెద్దక్షరాల్లో ఉంటుంది. వడ్డీ లేని అప్పంటూ ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు తేల్చి చెప్పింది. జరిగేదేమిటంటే, వడ్డీకి సరిపడా సొమ్మును ముందే తగ్గింపుగా చూపి, బ్యాంకు ఆ వడ్డీని నెలనెలా వసూలు చేసుకుంటుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ మాత్రం మన జేబులోంచే. పన్నెండు నెలలకు, 15 శాతం వడ్డీ లెక్కన, అది దాదాపు మూడున్నర వేలు. ప్రాసెసింగ్ ఫీజు వేరు.

ఇక అమెరికాలో ఉన్న తమ్ముడో మేనకోడలో సంక్రాంతికి వస్తున్నారంటే మనవాళ్లు చేసే మొదటి ఫోను దీని గురించే. 18 ఏళ్లు నిండిన ప్రయాణికులు ఒక లాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అక్కడి ధర 2,499 డాలర్లు. విడుదలనాటికి డాలరు 84 రూపాయల లెక్కన రూ. 2,09,916. అంటే ఇక్కడ పన్ను తీసేసిన ధరతో దాదాపు సమానమే. అక్కడ కూడా సేల్స్ టాక్స్ కట్టాలి. డాలస్‌లో అయితే 8.25 శాతం, మొత్తం రూ. 2,27,000 చిల్లర అవుతుంది. మామూలు ఉద్యోగికి 22 వేలు మిగిలినట్టు. జీఎస్‌టీ క్రెడిట్ ఉన్నవాడు డాలస్ నుంచి తెప్పించుకుంటే మాత్రం పదిహేను వేలు ఎదురు పోగొట్టుకుంటాడు.