మాట ఒకరిది, మకుటం ఒకరిది

సూక్తులు ఏరి పుస్తకంగా కూర్చడం అచ్చు యంత్రాలతో మొదలైన పని కాదు. 15వ శతాబ్దిలోనే మడికి సింగన తనకు ముందున్న నీతిగ్రంథాల నుంచి పద్యాలు ఏరి ‘సకలనీతిసమ్మతము’ కూర్చాడు. ఏ పద్యం ఏ గ్రంథంలోదో చెప్పాడు కూడా. ఆ ఒక్క మంచి అలవాటు వల్లే ‘ముద్రామాత్యము’ వంటి పుస్తకాలు ఒకప్పుడు ఉండేవని మనకు తెలిసింది. తర్వాతి సంకలనకర్తల్లో ఈ ఓపిక ఉన్నవాళ్లు తక్కువే.

భర్తృహరి సుభాషితాలను ముగ్గురు తెలుగు చేసినా ఏనుగు లక్ష్మణకవి పద్యాలే ఎక్కువగా జనం నోట నిలిచాయి. చాలామంది వాటిని భర్తృహరి పద్యాలనే అంటారు తప్ప లక్ష్మణకవి పేరెత్తరు.

పేరు చెరిగిపోకుండా శతకకవులకు దొరికిన ఆసరా మకుటం. పాల్కురికి సోమనాథుడి ‘వృషాధిప శతకం’ నాటికే అది కుదురుకుంది. పుస్తకం చేతిలో లేకపోయినా, పద్యం ఏ శతకంలోదో చివరి పిలుపే చెబుతుంది. చిక్కేమిటంటే, ఆ ముద్ర ఎవరైనా వేసుకోవచ్చు. వేమన విషయంలో అది మరీ తేలిక. ఆటవెలదిలో నాలుగో పాదమంతా మకుటమే కాబట్టి కొత్తవాడు మూడు పాదాలు కూర్చుకుంటే పద్యం అయిపోయినట్టే. ప్రాస నియమం కూడా లేదు. సుమతీ శతకం అలా లొంగదు. అది కందం. మకుటం చివరి మూడక్షరాలే, మిగతాదంతా ప్రాసతో సహా కట్టుకోవాల్సిందే. వేమన పేరు మీద వేల పద్యాలు పోగుపడటంలో భావాల పదునుకి ఎంత వాటా ఉందో, ఛందస్సు ఇచ్చిన ఈ వెసులుబాటుకీ అంత ఉందని నా అనుమానం.

సి.పి. బ్రౌన్ నెత్తిన పడింది ఈ పోగే. మచిలీపట్నంలో ఉద్యోగం చేసే రోజుల్లో వేమన మీద మనసుపడి రాతప్రతులు తెప్పిస్తే, ఒకదానికీ మరోదానికీ పొంతన కుదరలేదు. వాటిలోంచి 693 పద్యాలు ఎంచి, 1829లో ఇంగ్లీషు అనువాదంతో సహా మద్రాసులో అచ్చువేశాడు. పండితులు అంతగా పట్టించుకోని కవికి పుస్తకరూపం ఇచ్చింది ఒక కుంపిణీ ఉద్యోగి! వేమనను కవిగా, మనిషిగా నిదానంగా తూచి చూడటానికి మరో వందేళ్లు పట్టింది. 1928లో అనంతపురంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఆ పని చేశారు.

నాటకం వచ్చాక తికమక మరో రకంగా మొదలైంది. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’లో గిరీశం కోతలు కోస్తాడు. వాటిని వేదికల మీద ‘గురజాడ అన్నారు’ అని చెప్పేవాళ్లున్నారు. పాత్ర మాటను రచయితకు అంటగడితే అందులోని వెటకారం చచ్చిపోతుంది, గిరీశం మాత్రం పెద్దమనిషైపోతాడు.

ఇక గ్రంథాలయాల గోడల సంగతి. చొక్కా చిరిగిందైనా ఫర్వాలేదు, మంచి పుస్తకం ఒకటి కొనుక్కోమనే మాట కందుకూరి వీరేశలింగం బొమ్మ కింద ఎన్ని ఊళ్లలో కనిపిస్తుందో! ఇంచుమించు ఇదే మాట ఇంగ్లీషులో ఆస్టిన్ ఫెల్ప్స్ అనే అమెరికన్ మతాచార్యుడి పేరు మీద చెలామణిలో ఉంది. ఆయన 1890లో పోయాడు, కందుకూరి 1919లో. అయినా మనవాళ్లు దీన్ని కందుకూరికి కట్టబెట్టడం ఊరికే జరగలేదు. 1874లో ‘వివేకవర్ధని’ పెట్టి, జీవితమంతా రాతకూ సంస్కరణకూ ధారపోసిన మనిషి నోట అది చక్కగా అతుకుతుంది.

ఇప్పుడు మకుటం పని ఫొటో చేస్తోంది. కలాం బొమ్మ పక్కన ఏ వాక్యం పెట్టినా కలాందే. వేమన పేరు వాడుకోవాలంటే కనీసం మూడు పాదాలు గణాలు తప్పకుండా కట్టాలి. ఈ కొత్త మకుటానికి ఆ కష్టమూ లేదు.